సెప్టెంబరు 17 దగ్గర ఆగిపోయిన నవల

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద తెలుగులో వచ్చినంత సాహిత్యం మరే ప్రజాపోరాటం మీదా రాలేదని మనం తరచు చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే ఆ రచనలను వరసగా పేర్చి, ఏది ఏ తేదీ దగ్గర ముగిసిందో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి 1951 అక్టోబరు 21న విరమణ ప్రకటన వెలువడేదాకా పోరాటం అయిదేళ్లు నడిచింది. అందులో నిజాం మీద నడిచింది రెండేళ్లు. భారత సైన్యాన్ని ఎదుర్కొన్నది మూడేళ్లు. సాహిత్యంలో ఈ నిష్పత్తి తలకిందులైంది. గడి, వెట్టి, సంఘం, గుత్పలు, రజాకార్ల దాడులు, ఆపైన యూనియన్ సైన్యాల రాక. అక్కడితో కథ కంచికి. ఆ తరవాతి మూడేళ్లు స్వీయచరిత్రల్లో ఉన్నాయి, పార్టీ గ్రంథాల్లో ఉన్నాయి, పాటల్లో ఉన్నాయి. నవలలో మాత్రం వాటికి దక్కిన చోటు బహు తక్కువ.

ఇది కేవలం వస్తువుకు సంబంధించిన లోటయితే ఇంత చర్చ అవసరం లేదు. అన్ని కాలాల మీదా అందరూ రాయాలని నియమం ఏమీ లేదు. కానీ వదిలేసిన ఆ కాలంలోనే రాజ్యం అణచివేతనూ సంస్కరణనూ ఒకేసారి, ఒకే చేత్తో నడిపింది. దాన్ని పట్టుకోలేకపోవడం వల్ల మన నవలకు రాజ్యం అర్థం కాకుండా పోయిందని నా ఆరోపణ.

ముందు చరిత్ర కొంత. 1948 సెప్టెంబరు 13న సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నరయ్యాడు. 1949 చివరిదాకా ఆయనదే సర్కారు. 1950 జనవరి 26న వెల్లోడి ముఖ్యమంత్రిగా వచ్చాడు. ఆయనా ఎన్నికైనవాడు కాదు, ఐ.సి.యస్. అధికారి. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం ఏర్పడే 1952 మార్చి దాకా ఇక్కడి ప్రజలకు ఓటుతో తెచ్చుకున్న ప్రభుత్వం లేదు. ఇంకో విశేషం. చౌదరికి పరిపాలనాధికారం దఖలుపడ్డది నిజాం ఫర్మానా ద్వారానే, 1948 సెప్టెంబరు 19న. ఆ తరవాత ఆయన జారీచేసిన శాసనాల మీద తేదీలు కూడా ఫసలీ సంవత్సరాలే. మనం అంతమైందని పద్యాలు రాసుకున్న ప్రభుత్వం పేరుమీదే కొత్త ప్రభుత్వం సంతకం చేసింది.

దీనికి పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. ట్యాంకులతో వచ్చిన సైన్యానికి పోలీసు అని పేరు పెట్టినప్పుడు అభ్యంతరం చెప్పవలసిన మొదటి మనిషి రచయిత. మాటలతో పని అతనిది. మన రచయితలు ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నారు, ఇవాళ్టికీ తీసుకుంటున్నారు. పల్లెల్లో జనం మాత్రం ‘మిలిటరీ సర్కారు’ అన్నారు. ఎవరి తెలుగు సరయినదో విద్యార్థులు ఆలోచించాలి.

ఈ మిలిటరీ సర్కారును అర్థం చేసుకోవడానికి 1949 ఆగస్టు నెల ఒక్కటి చాలు. మిలిటరీ గవర్నర్ శాసనంతో ఏర్పడిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఆ నెలలో తెలంగాణ రైతాంగ యోధులకు మరణశిక్షలు వేశాయి. మొత్తం పన్నెండుమంది మెడకు ఉరితాడు పడింది. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వాటిని ఖాయం చేసింది. లండన్ నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చారు, దేశదేశాల్లో ఆందోళన జరిగింది. హైకోర్టు తీర్పు రాజ్యాంగం అమలుకు రాకముందే వచ్చింది కనక అప్పీలు వినే అధికారం తనకు లేదని సుప్రీంకోర్టు అన్నది. చివరికి ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి. మరణశిక్షలు వెలువడిన ఆ ఆగస్టులోనే, 15వ తేదీన, అదే మిలిటరీ గవర్నర్ మరో శాసనం చేశాడు. అది జాగీర్ల రద్దు. సంస్థానంలో దాదాపు మూడోవంతు నేల మీద పన్ను వసూలు చేసుకునే హక్కు ఒక్క కాగితంతో జాగీర్దార్ల చేతినుంచి పోయింది. నగరం చుట్టూ అత్రాఫ్-ఎ-బల్దాగా ఉన్న నిజాం సొంత ఇలాకా సర్ఫేఖాస్ కూడా ఆ యేడే దివానీలో కలిసింది. జాగీర్దార్లకు పరిహారం కట్టి ఇచ్చారు. నిజాముకు యేటా 50 లక్షల రాజభరణం, సర్ఫేఖాస్ రాబడికి బదులుగా మరో 25 లక్షలు.

ఉరిశిక్షా, జాగీర్ల రద్దూ ఒకే కలంతో వచ్చాయి. వీటిని వేరుచేసి చూసేవారు రెండు రకాలు. సంస్కరణను మాత్రమే చూసి చౌదరికి చేతులెత్తి మొక్కేవారు ఒకరు. సంస్కరణ అంతా కంటితుడుపేనని కొట్టిపారేసేవారు మరొకరు. మన విమర్శ ఎక్కువగా రెండో పక్షాన నిలిచింది. ఆ పక్షం నాది కూడా. కానీ కంటితుడుపు అనే మాట ఒక్కటి నవల రాయడానికి చాలదు. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచుకున్న రైతును సైన్యంతో లొంగదీయడం వీలుకాదని గ్రహించిన రాజ్యం, అతను కోరినదానిలో కొంత ముక్కను చట్టంగా మార్చి తన దయగా తిరిగి ఇచ్చింది. తీసుకున్న హక్కు ఇచ్చిన హక్కుగా మారిపోయింది. ఈ మార్పు మనిషి మనసులో ఎలా జరుగుతుందో చూపడం నవలాకారుడి పని. చరిత్రకారుడికి అది సాధ్యం కాదు.

ఇప్పుడు రచనల దగ్గరికి వద్దాం. సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ నాటకం 1947 నాటిది. జరగనిదాన్ని రాయలేదని దాన్ని నిందించడం అన్యాయం. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ 1955లో వచ్చింది, వస్తువు పోరాటానికి ముందరి కాలం. తరవాతి కాలాన్ని అందుకోవలసిన ‘గంగు’ ఆయన మరణంతో అసంపూర్తిగా మిగిలిపోయింది. 1946 నుంచి 1951 దాకా ఆయన జైల్లోనే ఉన్నారన్న విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నిజాం పెట్టిన జైలు తలుపు మిలిటరీ సర్కారు వచ్చినా ఆయనకు తెరుచుకోలేదు. ‘జైలు లోపల’ కథల్లో ఆయన దృష్టి తోటి ఖైదీల మీద, వాళ్లను నేరస్థులుగా మార్చిన పరిసరాల మీద నిలిచింది. తనను బంధించిన రాజ్యం మారిందా, మారితే ఎంత మారింది అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగల రచయిత ఆయనొక్కరే అనిపిస్తుంది. నాలుగు పదులు నిండిన కొన్నేళ్లకే, 1961లో పోయారు. మన నవలకు జరిగిన పెద్ద నష్టాల్లో అదొకటి.

దాశరథి రంగాచార్య ఆ బాధ్యత మీద వేసుకున్నారు. ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’ తరవాత ‘జనపదం’లో పోలీసు చర్య అనంతర తెలంగాణను వస్తువుగా తీసుకున్నారు. మూడింటిలో పాఠకులు ఎక్కువగా చదివింది, సినిమాగా చూసింది, పాఠ్యప్రణాళికల్లో చేరింది మొదటిదే. ఇది రంగాచార్య తప్పు కాదు. మన పఠనాభిరుచి కూడా సెప్టెంబరు 17 దగ్గరే ఆగిందనడానికి ఇది రుజువు. అంపశయ్య నవీన్ ‘కాలరేఖలు’ ఈ కాలాన్ని దాటి నడిచిన నవల. వీటి తరవాత చెప్పుకోవడానికి చేతివేళ్లు ఎక్కువవుతాయి.

విచిత్రమేమిటంటే, ఈ కాలపు గుండెకాయను పట్టుకున్నది తెలుగు రచయిత కాదు. బొంబాయిలో కూర్చుని ఉర్దూలో రాసిన కృష్ణ చందర్. ‘జబ్ ఖేత్ జాగే’ నవలలో రాఘవరావు ఇరవై రెండేళ్ల రైతుకూలీ కొడుకు. తెల్లవారితే ఉరి. ఆ ఒక్క రాత్రి జైలుగదిలో అతను తన బతుకంతా నెమరువేసుకుంటాడు. కృష్ణ చందర్‌కు తెలంగాణ పల్లె మట్టివాసన తెలియదని, మాట పరాయిదని మనవాళ్లు అన్నారు. నిజమే. కానీ కథను ఏ చోట నిలబెట్టాలో ఆయనకు తెలిసింది. ట్రిబ్యునల్ శిక్ష పడిన గదిలో నిలబెట్టాడు. దాని ఆధారంగా గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. ఆ సినిమా ఉరిరాత్రి చట్రాన్ని వదిలేసి కథను బాల్యం నుంచి వరసగా నడిపింది. దానివల్ల కొంత పోయింది, కొంత వచ్చింది. పోయింది ఏకాంతం. వచ్చింది చివరి భాగం. సైన్యం వెంట దొర తిరిగి ఊళ్లోకి రావడం తెలుగు ప్రేక్షకుడు కళ్లారా చూశాడు. మన నవలల్లో ఇంత స్పష్టంగా ఆ రాకను చూపినవి నాకు కనిపించలేదు.

మా రామంతాపూర్‌లో జనగామ, భువనగిరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. వరంగల్ రోడ్డు మీద వచ్చేవారికి ఉప్పల్, నాచారం మొదటి మజిలీలు. ఇక్కడి కార్ఖానాలు వాళ్లను నిలబెట్టాయి. ఎనభై అయిదు దాటిన ఒక అవ్వను ఆ రోజుల గురించి అడిగితే ఇలా చెప్పింది: “రజాకార్లు పోయిండ్రు, మిలిటరోల్లొచ్చిండ్రు సారూ. దొర మల్ల గడీలకొచ్చిండు. మా నాయిన దున్నే చెల్క గుంజుకుండ్రు. అటెన్క శానా దినాలకు గదే చెల్కకు కౌలు కాయిదమిచ్చిండ్రు.” నాలుగు వాక్యాలు. తెలుగులో రాయని నవల మొత్తం ఇందులో ఉంది. ‘గదే చెల్క’ అన్నచోట ఆమె కాస్త నవ్వింది.

1947లో సంఘం పంచితే భూమి అందుకున్నవాడు, 1948లో పోగొట్టుకున్నవాడు, 1950 కౌలుదారీ చట్టం కింద ‘రక్షిత కౌలుదారు’గా కాగితం అందుకున్నవాడు ఒక్కడే మనిషి కావచ్చు. ఆ మనిషి మన కల్పనాసాహిత్యంలో లేడు. లేకపోవడానికి కారణం ఒకటి నాకు తోస్తుంది. మన రచయితలకు జాగీర్దారు, దేశ్‌ముఖ్, పటేలు, దొర అన్నీ ఒకే మాటకు పర్యాయపదాలు. భావావేశం వరకు ఫరవాలేదు, భూసంబంధాల దగ్గర అది పనికిరాదు. జాగీర్దారుకు ఉన్నది పన్ను మీద హక్కు. నల్లగొండ, వరంగల్ దేశ్‌ముఖ్‌ల చేతిలో ఉన్నది దివానీ గ్రామాల్లో తమ పేర రాయించుకున్న పట్టా. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలని సుందరయ్య తన గ్రంథంలో రాశారు. జాగీర్ల రద్దు శాసనం ఇలాంటి పట్టా జోలికి పోలేదు. పోరాటం ఏ వర్గం మీద నడిచిందో ఆ వర్గం భూమిని వదిలి, పక్కవాడి హక్కును రద్దుచేసి, దానికి భూసంస్కరణ అని పేరు పెట్టారు. ఈ తేడా తెలియని నవలాకారుడికి ఆ సంస్కరణలోని కుట్ర కూడా తెలియదు. ‘చిల్లర దేవుళ్లు’ ఇంతకాలం నిలబడడానికి ఒక కారణం, రంగాచార్యకు కరణం కలమూ దేశ్‌ముఖ్ కర్రా ఎక్కడ కలుస్తాయో తెలియడం.

అణచివేత గురించి సుందరయ్య ఇచ్చిన లెక్కలు అందరికీ తెలిసినవే: నాలుగు వేలమంది మరణం, పది వేలమందికి పైగా నిర్బంధం, గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీచేయించి కంచెల శిబిరాల్లోకి తోలడం. ఈ శిబిరాల జీవితం కోసం ఇవాళ నేను విద్యార్థులకు చూపేది నవల కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. ఆ స్త్రీలు చెప్పుకున్న మాటల్లో అడవి, ఆకలి, కానుపులు, పిల్లల్ని వదులుకోవడం, పార్టీలోని మగవాళ్ల మీద అలక అన్నీ ఉన్నాయి. సెప్టెంబరు 17 వాళ్ల కథకు ముగింపు కాదు. సగం కూడా కాదు.

ఇంకొక మౌనం ఉంది. దాన్ని గురించి అభ్యుదయ సాహిత్యకారులుగా మనం మరీ తక్కువ మాట్లాడాం. మిలిటరీ సర్కారు తొలి వారాల్లో ముస్లిములపై జరిగిన హత్యాకాండను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిత సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని ఆ బృందం అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. చనిపోయినవాళ్లలో నవాబులెందరు, నేతగాళ్లూ కూలీలూ ఎందరు? మన వర్గదృష్టి ఆ ప్రశ్న వేయకుండా ఎందుకు తప్పుకుంది? నెల్లూరి కేశవస్వామి ‘యుగాంతం’ కథ ఆనాటి నగరాన్ని, అందులోని ముస్లిం జీవితాన్ని లోపలినుంచి చూసింది. ఒక కథకుడు చేసినదాన్ని ఒక ఉద్యమ సాహిత్యం చేయలేకపోయింది.

ఇది ఒక్క హైదరాబాదు సమస్య కాదు. 1958లో పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్ సైనికపాలన చేపట్టి, ఫైజ్ అహమ్మద్ ఫైజ్‌ను జైల్లో పెట్టి, ఆ మరుసటి యేడే భూకమతాలకు పరిమితి ప్రకటించాడు. మన దగ్గర ఎమర్జెన్సీ సైనికపాలన కాదు గాని సూత్రం అదే. 1975 జూలైలో ఇరవై సూత్రాలు, అందులో భూపంపకం. డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి. ఎమర్జెన్సీ మీద మన కవులు వెంటనే స్పందించారు. ఆ స్పందనలో ఉరి ఉంది, సంకెళ్లున్నాయి. సర్కారు పంచిన ఎకరం అందుకుని కాంగ్రెసుకు ఓటేసిన పాలేరు లేడు. 1949లో చూడనిదాన్ని 1975లోనూ చూడలేదు.

ఇప్పుడు ఆ తేదీకి ప్రభుత్వాలు పేర్లు పెడుతున్నాయి. కేంద్రం విమోచన దినమంటుంది. రాష్ట్రం 2022లో సమైక్యతా దినమన్నది, 2024లో ‘ప్రజాపాలన దినోత్సవ’మన్నది. ఒక మేజర్ జనరల్‌కు అధికారం సంక్రమించిన రోజు ప్రజాపాలన దినం ఎలా అయిందని మా పదోతరగతి పిల్లవాడు అడిగితే క్లాసులో నవ్వులు లేచాయి. సాహిత్యం ఆ పని చేసి ఉంటే, ఇంత తేలిగ్గా పేరు మార్చడం ఏ ప్రభుత్వానికీ సాధ్యమయ్యేది కాదు.

రాసే యువకులకు సామగ్రి కొరత లేదు. 1358 ఫసలీ శాసనాలున్నాయి. సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. నల్లా నర్సింహులు వంటివారి అనుభవాలు పుస్తకాలుగా ఉన్నాయి. రక్షిత కౌలుదారు కాగితాలు ఇప్పటికీ నగరం చుట్టుపక్కల ప్లాట్ల దావాల్లో కోర్టుకెక్కుతూనే ఉన్నాయి. ఆ చెల్కలు కాలనీలయ్యాయి, కాగితం పట్టుకున్న మనుమలు వాయిదాలకు తిరుగుతున్నారు. నవల అక్కడినుంచి వెనక్కి నడిచినా సరే, 1949 ఆగస్టు నుంచి ముందుకు నడిచినా సరే.