శాసనపు నకలు తీయు చేయి

ప్రజాస్వామ్య భావముల చరిత్రను వ్రాయువారి పేర్లు గ్రంథముఖములపై నిలుచును గాని, ఆ చరిత్రకు ఆధారమైన శిలాక్షరములను కాగితముపైకి దెచ్చు పనివాని పేరు తరచుగా కానరాదు. శిలను శుభ్రముగా కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, అది అక్షరపు లోతులలోనికి దిగునట్లు గట్టికుంచెతో మోది, పిమ్మట సిరా పట్టిన గుడ్డతో నద్దగా, నల్లని నేలపై తెల్లని అక్షరములు తేటపడును.

తమిళదేశమునందలి ఉత్తరమేరూరు దేవాలయ కుడ్యములపై, పరాంతక చోళుని కాలమున, 919, 921 సంవత్సరములలో చెక్కబడిన గ్రామసభానియమములను పండితులు ఇట్టి నకళ్లను ముందుంచుకొనియే పరిశీలించిరి. సభ్యుల ఎన్నికకై 30 వాడలవారును అర్హుల పేర్లు వ్రాసిన చీటీలను కుండలో వేయుట, బాలునిచేత చీటీ తీయించుట, లెక్కలు ఒప్పజెప్పనివారిని వారి బంధువులతో గూడ తొలగించుట అందు గలవు. స్వంత భూమియు వేదజ్ఞానమును లేనివారికి చోటు లేకుండుటయు అందే గలదు.

ఆ ఎన్నిక పద్ధతిని, ఈ నిషేధమును పక్కపక్కన నుంచి, ఆ గ్రామస్వపరిపాలన ఎంతవరకు, ఎవరికొరకు నడచెనో చరిత్రకారుడు తూచి చెప్పగలుగుట, ఒక్క గీతయు చెదరనీయక, ఒక్క పంక్తియు లోపింపనీయక నకలు తీసిన ఆ హస్తముయొక్క నిజాయతీవలననే. శిల చెప్పినదానికి ఏమియు గలుపక, దానినుండి ఏమియు దీసివేయక అందించు ఈ వృత్తి, పాండిత్యముతో సమానముగా గౌరవింపదగినది.