పంక్తి విరుపు – అర్థనిర్ణయం: సాఫ్ట్‌వేర్ స్థాపన సందేశాల తెలుగు పాఠంపై విమర్శ

1. ప్రవేశిక

కంప్యూటర్‌లో తెలుగు లిపిని గురించిన చర్చ ఎక్కువగా ఖతుల చుట్టూ సాగింది. దివిసీమకు చెందిన మండలి వెంకటకృష్ణారావు పేరిట ‘మండలి’ ఖతి స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడడం ఆ కృషికి ఒక నిదర్శనం. అక్షరానికి దక్కిన ఈ శ్రద్ధ పంక్తికి దక్కలేదు. సాఫ్ట్‌వేర్ స్థాపన సందేశాల్లో పంక్తిని విరవవలసినది రచయితా, యంత్రమా అన్న ప్రశ్నను డెబియన్ వ్యవస్థ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. డెబ్‌కాన్ఫ్ నియమం

2011 ఫిబ్రవరిలో వెలువడిన డెబియన్ 6.0లో తెలుగు చేరింది. అయితే గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో మాత్రమే. ప్యాకేజీలు వాడుకరిని ప్రశ్నించడానికి డెబ్‌కాన్ఫ్ అనే సాధనాన్ని ఉపయోగిస్తాయి. దాని మూసలోని వివరణలో ప్రతి పంక్తీ ఒక ఖాళీతో మొదలవుతుంది. ఆ పంక్తులను యంత్రం కలిపివేసి, తెర వెడల్పును బట్టి తిరిగి విరుస్తుంది. మొదట అదనంగా మరో ఖాళీ ఉంటే ఆ పంక్తిని ఉన్నదున్నట్లు చూపుతుంది. చుక్క ఒక్కటే ఉన్న పంక్తి పేరాలను వేరు చేస్తుంది.

3. గుణదోషాలు

స్వయంచాలక విరుపు తెలుగుకు మేలే చేస్తుంది. సంధులతో, ప్రత్యయాలతో మన పదాలు దీర్ఘమవుతాయి. పైగా ‘స్త్రీ’ చదువరికి ఒక అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. కనుక సంకేతాలను లెక్కించి అనువాదకుడు పంక్తిని కొలవలేడు.

ఆదేశాలు, జాబితాలు మాత్రం పంక్తి మీదనే ఆధారపడతాయి. వాటికి రక్షణ ఆ అదనపు ఖాళీయే. అనువాదంలో అది జారిపోతే జాబితా అంతా ఒకే పేరాగా కలిసిపోతుంది. డిస్కులో చెరిగిపోయే భాగాలేవో, నిలిచే భాగాలేవో వేర్వేరు పంక్తుల్లో చెప్పిన హెచ్చరికకు ఈ గతి పడితే, బందరులోనో గుడివాడలోనో కళాశాల ప్రయోగశాలను చూసుకునే వ్యక్తి ఏళ్ల సమాచారాన్ని పోగొట్టుకోవచ్చు.

4. తాళపత్ర సంప్రదాయంతో తులన

తాళపత్రాల్లో పద్యాన్ని పాదాలుగా విడదీయక ఆకు చివరి వరకు వ్రాసేవారు. అయినా పాదం చెదరలేదు. గణాలు, యతి, ప్రాస దాని హద్దును పాఠంలోనే నిలిపాయి. పదం పాదాంతాన్ని దాటి సాగినా ఆ హద్దు తెలిసేది. స్థాపన సందేశానికి అటువంటి అంతర్నియమం లేదు. అక్కడ హద్దును మోసేది కంటికి ఆనని ఖాళీ. యంత్రానికి అది ఆజ్ఞ, అనువాదకుడికి వట్టి చోటు. ఈ పద్ధతిలోని ప్రధాన లోపం ఇదే.

5. ముగింపు

వచనాన్ని యంత్రానికి వదలడం, జాబితాకు, ఆదేశానికి కంటికి కనిపించే గుర్తు నిర్దేశించడం ఉచితం. అంతవరకు మూలంలోని ఖాళీలను అనువాదంతో సరిపోల్చి, ఇరుకు తెరపై ఒకసారి చదివి చూడడం తప్పనిసరి. ప్రతులను సరిపోల్చి పాఠాన్ని నిర్ణయించడం తెలుగు పరిశోధకులకు పరిచితమైన విద్య. స్థాపన సందేశాన్ని కూడా పాఠంగా గుర్తిస్తే ఆ విద్య ఇక్కడా అక్కరకు వస్తుంది.