నూనె గిన్నె, చేతి ఒడుపు

పసిబిడ్డకు నీళ్ళు పోయడం చేతనైన ఆవిడ ముందు తన కాళ్ళు సర్దుకుంటుంది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా దోపుకుని, కాళ్ళు రెండూ బారజాపి దగ్గరికి చేరిస్తే పిక్కల మధ్య చిన్న పల్లం ఏర్పడుతుంది. బిడ్డ పడుకునేది అందులోనే. తల చీలమండల మీద ఆనుతుంది, ఆవిడ చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. మాడు మీద ఆముదం అద్ది, నువ్వుల నూనెనో కొబ్బరి నూనెనో అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టి, రొమ్ము నడుమ నుంచి భుజాల వైపుకు రెండు చేతులూ ఒకేసారి జరుపుతుంది. తరవాత పొట్ట. బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపే చెయ్యి తిప్పుతుంది. పెద్దపేగు దారీ అదే కనక పట్టేసిన గాలి కిందికి కదులుతుంది. కుడి చేతిని ఎడమ కాలితో, ఎడమ చేతిని కుడి కాలితో కలిపి విప్పుతుంది. బోర్లా తిప్పాక బొటనవేళ్ళు వెన్నెముకకు అటూ ఇటూ కండ మీదే నడుస్తాయి, ఎముక మీద ఆనవు. ఆపైన సున్నిపిండి, చెంబులతో వేణ్ణీళ్ళు, మెత్తటి పాత చీరలో చుట్టడం. బిడ్డ ఇక ఒళ్ళెరగని నిద్ర పోతుంది.

ఊళ్ళలో మంత్రసానులు పురుడు పోయడంతో పాటు ఈ పనీ చేసేవారు. ఇప్పుడు పట్నం అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే వచ్చి నీళ్ళు పోసి వెళ్ళే ఆవిడను నెలకింతని మాట్లాడుకుంటున్నారు. ఆ బేరంలో పసుపు, బట్టలు ఉంటాయేమో గానీ, ఆవిడ చేతిలో ఉన్నది ఒక వైద్యవిద్య అన్న లెక్క ఉండదు.

బయటివాళ్ళకు మాత్రం అది విద్యగానే కనిపించింది. ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు ఫ్రెడరిక్ లెబోయే కలకత్తాలో ఒక తల్లి తన బిడ్డకు నూనె అంటుతుండగా చూసి, ఫొటోలు తీసి, ఆ తల్లి పేరు మీదే ‘శాంతల’ అని 1976లో పుస్తకం వేశాడు. 1986లో టిఫనీ ఫీల్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మీద ఒక పరిశోధన ప్రచురించారు. విడతకు పావుగంట చొప్పున, రోజుకు మూడు విడతలుగా, పది రోజులు ఒళ్ళు నిమిరి, కాళ్ళూ చేతులూ ఆడించారు. పాలు మిగతా పిల్లలు తాగినన్నే తాగినా ఈ పిల్లలు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు, సగటున ఆరు రోజులు ముందే ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళారు. ఇందులో కిటుకు ఒత్తిడిలో ఉందని ఆ తరవాతి పరిశోధనల్లో తేలింది. వేళ్ళ కొసలతో పైపైన నిమిరితే బిడ్డకు చక్కిలిగింత పుడుతుంది, ఒళ్ళు ముడుచుకుంటుంది. చర్మం కాస్త కదిలేలా ఒత్తితే వేగస్ నాడి చురుకై గుండె నెమ్మదిస్తుంది, జీర్ణాశయం పని పుంజుకుంటుంది.

నూనె సంగతీ తేలిగ్గా తీసుకోదగింది కాదు. ఢాకా శిశు ఆస్పత్రిలో నెలలు నిండని పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె పూస్తే, ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పసి చర్మం పల్చన కనక ఆ నూనె దానికి కాపలా కాసింది. అదే ఆవనూనె, ఆలివ్ నూనె అయితే చర్మపు పొరను దెబ్బతీస్తాయని వేరే పరీక్షల్లో కనిపించింది. ఖరీదైన సీసా కదా అని ఆలివ్ నూనె తెచ్చే నాన్నలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఈ విద్యలో చెత్త లేదనను. ముక్కు కొనదేరాలని నలపడం, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయడం, పుట్టిన బిడ్డ రొమ్ములు పిండి ‘పాలు’ తీయడం వెంటనే మానేయాల్సిన పనులు. ముక్కులో వేసిన నూనె దగ్గయినా రానీకుండా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. పిండిన రొమ్ము చీము పడుతుంది. సాంబ్రాణి వాసన గదిలో ఉంటే చాలు, పొగ బిడ్డ మొహానికి తగలక్కర్లేదు. ఇక “ఏడవనీ అమ్మాయ్, ఏడిస్తే ఊపిరి తెరుచుకుంటుంది” అన్న మాట. బిడ్డ ఏడుస్తోందంటే చెయ్యి బరువైంది, లేదా చలేస్తోంది, లేదా ఆకలి. చెయ్యి ఆపాల్సిందే.

పెద్దవాళ్ళ తలంటుదీ ఇదే వరస. శనివారం మగవాళ్ళకు, శుక్రవారం ఆడవాళ్ళకు, నరక చతుర్దశికీ ఉగాదికీ ఇంటిల్లిపాదికీ. పెళ్ళినాటి నలుగు కూడా దీని ముస్తాబే. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్య చెబుతూ ముందు నూనె, తరవాత వ్యాయామం, ఆపైన పొడితో రుద్దుకోవడం, చివర స్నానం అని వరస పెట్టాడు. నూనె ఒళ్ళంతా పట్టించినా తల, చెవులు, పాదాలను మాత్రం మరవొద్దన్నాడు. అజీర్ణం, కఫం ఉన్నప్పుడు వద్దనీ చెప్పాడు. నూనె ఉంటే చెయ్యి జారుతుంది, జారే చెయ్యి నొప్పి తెలియనివ్వకుండా కండ లోపలికి దిగుతుంది. పిండి అలా కాదు, పట్టుకుంటుంది. మిగిలిన జిడ్డునీ మట్టినీ లాగేస్తుంది, చర్మానికి నెత్తురు తెస్తుంది. అందుకే ఆ రెంటినీ జంటగా పెట్టారు. సున్నిపిండిలో పెసలు, కచ్చూరాలతో పాటు బావంచాలూ వేసే ఇళ్ళున్నాయి. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది, బొల్లికి మందుగా వాడేది అందుకే. అది ఒంటికి పట్టించుకుని ఎండలో తిరిగితే చర్మం కమిలిపోవచ్చు.

ఇక్కడో తమాషా. వేణ్ణీళ్ళు మెడ కిందికి బలమిస్తాయి, తల మీద పోసుకుంటే జుట్టుకూ కళ్ళకూ చేటు అని అదే వాగ్భటుడు అన్నాడు. మనమేమో కళ్ళలో కుంకుడురసం మండుతుంటే కాగే నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుంటేనే తలంటు అనుకుంటాం.

కేరళకు వెళితే ఇదే నూనె పని పెద్ద శాస్త్రంగా పెరిగింది. పిళిచ్చిల్‌లో గోరువెచ్చని మందునూనెలో గుడ్డ ముంచి ఒంటి మీద ధారగా పిండుతూ చేత్తో పాముతారు. నవరక్కిళిలో నవర బియ్యాన్ని పాలలో, మందు కషాయంలో ఉడికించి మూట కట్టి అద్దుతారు. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది చవిట్టి ఉళిచ్చిల్. పై నుంచి వేలాడే తాడు పట్టుకుని గురువు తన పాదాలతో శిష్యుడి వీపూ తొడలూ తొక్కుతాడు. చూసేవాడికి గుండె జారుతుంది గానీ, ఎంత బరువు దించాలో ఆ తాడు పట్టులోనే ఉంది. చేతులతో బిగించి పట్టుకుంటే పాదం తేలిక, వదిలితే బరువు. కళరిపయట్టు నేర్చేవాళ్ళకూ కథకళి కుర్రాళ్ళకూ వానాకాలంలో ఈ తొక్కుడు తప్పదు. తుంటి కీలు తెరుచుకోకపోతే కథకళిలో ఆ విశాలమైన నిలుపు నిలవదు మరి.

థాయ్ పద్ధతిలో నూనె ఉండదు, బట్టలు విప్పే పనీ లేదు. చాప మీద పడుకోబెట్టి బొటనవేళ్ళతో, మోచేతులతో ఒత్తుతూ ఒళ్ళు సాగదీస్తారు. బాంకాక్ వాట్ ఫో ఆలయంలో మూడో రామ రాజు కాలంలో ఒత్తుడు బిందువుల పటాలను రాతి పలకల మీద చెక్కించారు. 2019లో యునెస్కో ఈ విద్యను తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. స్వీడిష్ అని స్పాల బోర్డుల మీద కనిపించేదాన్ని ఒక పద్ధతిగా కూర్చింది నిజానికి డచ్చి వైద్యుడు యోహాన్ మెజ్గర్. అందులో నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, వణికించడం అని అయిదే పట్లు. మన నీళ్ళు పోసే ఆవిడ చేతిలో ఈ అయిదింట్లో ఏది లేదు?

స్పా మెనూలో పది పేర్లు, పది ధరలు చూసి తికమకపడే వాళ్ళకు 2011 నాటి అమెరికా పరిశోధన ఒకటి పనికొస్తుంది. దీర్ఘకాలం నడుంనొప్పి ఉన్న 401 మందిలో కొందరికి కండరాల లోపాలు వెతికి సరిచేసే మసాజ్, కొందరికి ఊరికే హాయినిచ్చే మసాజ్ వారానికోసారి పది వారాలు చేశారు. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్న వాళ్ళకన్నా రెండు జట్లూ మెరుగుపడ్డాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 2014లో మెడనొప్పి మీద అదే జట్టు చేసిన పరీక్షలో మాత్రం మసాజ్ ఎంతసేపు చేశారన్నదాన్ని బట్టి తేడా కనిపించింది. అరగంట విడతల వల్ల దాదాపు ఫలితం లేదు, గంటసేపు వారానికి రెండు మూడుసార్లు చేయించుకున్న వాళ్ళకే గుణం ఎక్కువ. పేరుకు డబ్బు పెట్టేకన్నా సమయానికి పెట్టడం నయమని నా లెక్క. ‘విషాలు బయటికి పోతాయి’, ‘లాక్టిక్ ఆమ్లం కరుగుతుంది’ అని బోర్డు మీద రాస్తే నమ్మక్కర్లేదు. 2012లో కెనడాలో వ్యాయామం చేసిన కుర్రాళ్ళ తొడ కండ ముక్కలు తీసి చూశారు. మసాజ్ చేసిన కాలిలో వాపు సంకేతాలు తగ్గాయి, లాక్టిక్ ఆమ్లంలో మార్పేమీ లేదు.

నూనె గిన్నె అసలు దగ్గరికే రాకూడని చోట్లున్నాయి. పిల్లవాడు పడి మోచెయ్యి వాస్తే మనవాళ్ళు ముందు చేసేది గట్టిగా తోమడమే. దెబ్బ తిన్న మోచేతిని అలా తోమితే కండలో కొత్త ఎముక పుట్టి, చెయ్యి జన్మలో చాచలేని పరిస్థితి రావచ్చు. ఎముకల డాక్టర్లు ఇప్పటికీ ఈ కేసులు చూస్తూనే ఉన్నారు. ఒక కాలి పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో నెత్తురు గడ్డ ఉండొచ్చు. పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడొచ్చు. ఆపరేషనయిన వాళ్ళకు, బాలింతలకు, మంచం పట్టిన వాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ.

గంట మసాజ్ వారానికి రెండుసార్లు డబ్బిచ్చి చేయించుకోవడం అందరికీ కుదిరేది కాదు. ఇంట్లో పెద్దవాళ్ళకు రాత్రి పడుకోబోయే ముందు పాదాలకు నూనె రాయడం కుదురుతుంది. మడమ నుంచి వేళ్ళ వైపుకు బొటనవేళ్ళతో ఒత్తి, చీలమండ చుట్టూ తిప్పి, పిక్కను కింది నుంచి పైకి పట్టాలి. షుగరున్న వాళ్ళకు స్పర్శ తెలియకపోవచ్చు, అందుకని నూనె ఎంత వేడో మన ముంజేతి మీద చూసుకోవాలి, పాదంలో పుండ్లేమైనా ఉన్నాయేమో చూడాలి, వేళ్ళ సందుల్లో నూనె నిలవనీయకూడదు. అయ్యాక పొడిగుడ్డతో అరికాళ్ళు బాగా తుడవాలి. అర్ధరాత్రి బాత్రూముకు లేచిన మామ్మ నూనెకాలు జారి తుంటి విరిగితే, అప్పటిదాకా చేసిన సేవంతా ఆస్పత్రి బిల్లుకు చాలదు.