చేతికి గుర్తున్న అక్షరాలు

మెదడు గురించిన పుస్తకాలు నేను మొదట్నించీ ఒకే కారణంతో చదివేవాణ్ణి: పనికొస్తాయని. ఎన్ని గంటలు నిద్రపోవాలి, ఏకాగ్రత ఎలా పెంచుకోవాలి, ముసలితనంలో మతిమరుపు రాకుండా ఏం తినాలి, ఇలాంటివి. అలెగ్జాండర్ లూరియా 'ది మ్యాన్ విత్ ఎ షాటర్డ్ వరల్డ్' కూడా ఆ లెక్కలోనే తెరిచాను, నాన్నకి స్ట్రోక్ వచ్చిన రెండు నెలలకి. ఈ పుస్తకం ఆ రకంగా ఎందుకూ పనికిరాదు. అయినా రెండుసార్లు చదివాను.

లూరియా (1902-1977) సోవియట్ న్యూరోసైకాలజిస్టు. ఈ పుస్తకం రష్యన్‌లో 1971లో వచ్చింది, మరుసటి ఏడాది ఇంగ్లీషులోకి వెళ్లింది. కథానాయకుడు జసెత్‌స్కీ. పాలిటెక్నిక్‌లో మెకానిక్స్ చదువుతున్న కుర్రాడు యుద్ధానికి వెళ్లాడు. 1943 మార్చిలో, స్మొలెన్స్క్ దగ్గర, తలకి ఎడమవైపు వెనక భాగంలో తూటా దిగింది. బతికాడు. కానీ కుడివైపు ఉన్నదేదీ కళ్లకి కనబడదు. కనబడేది కూడా ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. చదవడం పోయింది. తన ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో ఒక్కోసారి వెతుక్కోవాల్సొస్తుంది. ఈ మనిషి 25 ఏళ్లపాటు కూర్చుని తన కథ తనే రాసుకున్నాడు, దాదాపు 3000 పేజీలు. రోజంతా కష్టపడితే ఒక్కోసారి అరపేజీ. లూరియా ఆ కాగితాల్లోంచి కొన్ని భాగాలు తీసి, మధ్యమధ్యలో తన వివరణ కలిపి, ఈ చిన్న పుస్తకం చేశాడు.

ఏం దెబ్బతింది? కళ్లనుంచి వచ్చింది, చెవులనుంచి వచ్చింది, ఒంటినుంచి వచ్చింది అన్నీ కలిసి ఒక బొమ్మగా కుదురుకునే చోటు. మాటలు వినబడతాయి, విడివిడిగా అర్థం కూడా అవుతాయి. కానీ మాటకీ మాటకీ మధ్య సంబంధం తెగిపోయింది. ఈగ పెద్దదా ఏనుగు పెద్దదా అన్నది కూడా అతనికి పెద్ద చిక్కే. రెండూ తెలుసు. 'కంటే' అన్నది ఎటువైపు తిరుగుతుందో తెలీదు.

'తండ్రి సోదరుడు', 'సోదరుడి తండ్రి' ఈ రెంటికీ తేడా చెప్పమని అడుగుతాడు లూరియా. జసెత్‌స్కీ చెప్పలేడు. ఇక్కడ నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఆలోచించాను. మనకి 'తండ్రి సోదరుడు' అని ఎవరూ అనరు కదా! పెదనాన్న, బాబాయి, అంతే. ఒక్క మాటలో పని అయిపోతుంది, సంబంధాన్ని లెక్కగట్టక్కర్లేదు. ఈ పుస్తకాన్ని ఎవరైనా తెలుగులోకి తెస్తే ఈ పేజీ దగ్గర గట్టిగా ఇబ్బంది పడతారు. 'బాబాయి' అని తేలిగ్గా రాస్తే అసలు గాయమే కనబడకుండా పోతుంది. మనం గాలి పీల్చుకున్నంత సులువుగా వాడే విభక్తి ప్రత్యయాల వెనక మెదడు ఎంత చాకిరీ చేస్తోందో ఏ పాఠ్యపుస్తకమూ నాకు ఇంత బాగా చెప్పలేదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాన్న పరిస్థితి నా భాషలోనే అర్థం చేసుకున్నాను. హార్డ్‌డిస్కులో కొంత భాగం పాడైంది, అందులో మాటలున్నాయి, అంతే. లూరియా దీన్ని ఒప్పుకోడు. ఆయన లెక్కలో రాయడం అనే పని మెదడులో ఒక చోట దాచిపెట్టి ఉండదు. చాలా చోట్లు కలిసి చేసే పని అది. కొత్తగా నేర్చుకునేవాడు ఒక్కో అక్షరాన్నీ గుర్తు తెచ్చుకుని గీస్తాడు. అలవాటైనవాడికి అదంతా ఒకే కదలిక అయిపోతుంది, రాగం అందుకున్నట్టు. అందుకే ఆ విచిత్రం: ఒక్కో అక్షరం గీయడానికి తంటాలు పడుతున్న జసెత్‌స్కీతో డాక్టరు, ఆలోచించకు, చెయ్యి ఎత్తకుండా గబగబా రాసెయ్ అంటాడు. అతను రాసేస్తాడు. రాసింది మాత్రం చదవలేడు.

ఈ ఘట్టం చదివేనాటికే నేను దీన్ని చూసి ఉన్నాను. నాన్న మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. స్ట్రోక్ తర్వాత బ్యాంకులో సంతకం కావాలన్నారు. కౌంటర్లో అమ్మాయి, 'నిదానంగా ఒక్కో అక్షరం రాయండి సార్' అంది, మంచిగానే. నాన్న పెన్ను పట్టుకుని మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయారు. చెమటలు పట్టాయి. వేలిముద్ర వేయిద్దామని నేనన్నాను. నాన్న నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. అప్పుడు అమ్మ, 'ఏవండీ, ఫైలు మీద పెట్టినట్టు పెట్టేయండి' అంది. పెట్టేశారు, ఒక్క ఊపులో. కింద గీతతో సహా.

పుస్తకం మీద నాకున్న పేచీ కూడా చెప్పాలి. 3000 పేజీల్లోంచి ఏది ఉంచాలో, ఏ వరసలో ఉంచాలో నిర్ణయించింది లూరియా. జసెత్‌స్కీ ఒకే విషయాన్ని మళ్లీ మళ్లీ రాశాడని అర్థమవుతూనే ఉంటుంది. ఆ పునరుక్తి అతని జీవితం. మనకి అందింది మాత్రం శుభ్రం చేసిన ప్రతి. మధ్యలో వచ్చే మెదడు నిర్మాణం పాఠాలు విడిగా మంచివే, కానీ గొంతు విప్పుతున్న మనిషిని ఆపి క్లాసు చెప్పినట్టుంటుంది. అయినా ఒక విషయంలో లూరియాకి దండం పెట్టాలి. ఆయన్ని గురువుగా భావించిన ఆలివర్ శాక్స్ పుస్తకాల్లో రోగిని మనం డాక్టరు కళ్లతో చూస్తాం. ఇక్కడ రోగే రాస్తాడు, డాక్టరు పక్కన నిలబడతాడు.

లూరియా చెప్పే కీలకమైన సంగతి, జసెత్‌స్కీ నుదుటి వెనకున్న భాగం దెబ్బతినలేదన్నది. పట్టుదల, ప్రణాళిక, తనకేం జరిగిందో తెలియడం అక్కడి పని. అంటే ఏం పోగొట్టుకున్నాడో ప్రతిరోజూ పూర్తిగా తెలుసు. అందుకే పోరాడగలిగాడు, అందుకే అంత బాధ. పాడైన డిస్కుకి ఈ బాధ ఉండదు. నా పోలిక అక్కడ కూలిపోయింది.

నాన్న కోసం నేను మెదడుకి పదునుపెట్టే యాప్ ఒకటి కొన్నాను, ఎక్సెల్ షీటులో రోజువారీ స్కోర్లు వేశాను. డాక్టరు చూసి నవ్వలేదు కానీ, బీపీ మాత్ర, నడక, నిద్ర, ఇంట్లోవాళ్లతో మాటలు, ఇవి ముందు చూడమన్నారు. నాన్న బీపీ మాత్ర మానేసి ఏడు నెలలైన సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. స్ట్రోక్‌కి దారితీసేవాటిలో మన చేతిలో ఉన్న అతిపెద్దది బీపీయే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే పరిగెత్తాలి, గడ్డ కరిగించే మందుకి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. ఇవి తెలుసుకోడానికి లూరియా అక్కర్లేదు, ఇంట్లో మందులడబ్బా తెరిచి చూస్తే చాలు. నేను చూడలేదు.

జసెత్‌స్కీ చివరిదాకా కోలుకోలేదు. పుస్తకం ఆ అబద్ధం చెప్పదు. చదవడం అయ్యాక ఎక్సెల్ షీటు తీసేశాను. ఇప్పుడు నాన్న మాటకోసం వెతుక్కుంటుంటే అందించడానికి తొందరపడటం లేదు. మొన్న 'గొడుగు' అనడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా వాన తగ్గిపోయింది కూడా. ఆయనే ముందు నవ్వారు.