గుర్రాల రాజ్యంలో రొట్టె

పులులు మందలుగా తిరిగిన చోటు కాబట్టి పులివెందుల అయిందని పెద్దలు చెప్తారు. ఆ పులులకే తెలివి పుట్టి ఊరిని ఏలి ఉంటే మనుషులు ఏం తినేవాళ్లు? పిల్లలడిగే ప్రశ్నలా ఉంది. కానీ ప్రొద్దుటూరులో ఇల్లు అడగబోతే, బాడుగ సంగతి కంటే ముందే 'మీరేం తింటారు?' అని అడిగించుకున్న మాకు ఇది ఆట కాదు.

జొనాథన్ స్విఫ్ట్ 1726లో 'గలివర్ యాత్రలు' నాలుగో భాగంలో ఇలాంటి రాజ్యాన్నే రాశాడు. అక్కడ ఏలేవి గుర్రాలు. మనిషి రూపమున్న యాహూలు వాటి కింద పశువులు. యాహూలు తినే గాడిద మాంసం చూపిస్తే గలివర్ వాసనకే మొహం తిప్పుకుంటాడు. గడ్డి పెడితే తినలేడు. చివరికి ఓట్స్ గింజల పొట్టు తీసి, రాళ్ల మధ్య నూరి, రొట్టె కాల్చుకుని పాలతో తింటాడు. ఉప్పు లేదు. ఎప్పుడైనా ఉచ్చులో పడితే ఓ కుందేలో, పిట్టో.

ఇది వింటే జమ్మలమడుగు నల్లరేగడి రైతు నవ్వుతాడు. జొన్నరొట్టె, మజ్జిగతో బతకడానికి మా సీమకు గుర్రాల పాలన అక్కర్లేకపోయింది. వాన మొహం చాటేస్తే చాలు. 1876-78 ధాత కరువులో ఆ రొట్టె కూడా దొరకలేదు. కాబట్టి తిండి మారడం ఒక్కటే అవమానం కాదు.

అవమానం ఆ కథ చివర్లో ఉంది. ఇంటికొచ్చిన గలివర్‌కు పెళ్లాం బిడ్డల వాసన గిట్టదు. తన రొట్టె వాళ్లు ముట్టకూడదు, తన గ్లాసుతో తాగకూడదు. గుర్రాలు అలా చెయ్యమని ఆజ్ఞాపించలేదు. పాలకుల ముక్కుతో తనవాళ్లను వాసన చూడడం అతనే నేర్చుకున్నాడు. ఈ వేరే గ్లాసు సంగతి దళితులకు మాకంటే బాగా తెలుసు. మాలోనూ గలివర్లు ఉన్నారు. వంటింటి కిటికీ మూసుకునే ఉద్యోగస్తులు, ఖసాయి ఇంటితో వియ్యమందడానికి వెనకాడే షరీఫులు.

స్విఫ్ట్ కంటే ఏడు వందల ఏళ్లకు పైగా ముందే, బస్రాలో 'ఇఖ్వానుస్సఫా' రచయితలు అరబ్బీలో ఇంకో కథ రాశారు. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో 1810లో మౌల్వీ ఇక్రాం అలీ దాన్ని ఉర్దూలోకి తెచ్చారు. అందులో జంతువులు జిన్నుల రాజు ముందు మనుషుల మీద ఫిర్యాదు చేస్తాయి. మోసిన బరువులు, తెగిన గొంతులు చెప్పుకుంటాయి. తీర్పు మనుషుల పక్షమే వస్తుంది. అయినా జంతువు మాట మొదటినుంచీ వినిపిస్తుంది. స్విఫ్ట్ యాహూలకు నోరే లేదు. అందుకే మాకు బస్రా కథే పెద్దదిగా కనిపిస్తుంది.

మా జిల్లాలో ఏ కథ నడుస్తోంది? ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం గోవధను నిషేధించింది. ఎద్దుకు, దున్నకు పనికిరాదన్న సర్టిఫికెట్టు అడిగింది. ఇక్కడ ఆవు ఏలడం లేదు, ఆవు పేరుతో మనుషులు ఏలుతున్నారు. ఆ దర్బారులో ఆవుకూ మాట లేదు, ముసలి గొడ్డును మేపలేని రైతుకూ లేదు, ఖసాయికీ లేదు.

మా తిండి మీద వాదించండి. మాంసం మానమనండి, వింటాం. కానీ ఆ మాట మా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని, మా గ్లాసుతో నీళ్లు తాగి చెప్పండి.