పంక్ సంగీతాభిమానుల ఒప్పుకోలు: అభిరుచి, సిగ్గు, ప్రామాణికత

వ్యాససంగ్రహం

1970ల మధ్యకాలంలో న్యూయార్క్, లండన్ నగరాల్లో రూపుదిద్దుకొన్న పంక్ సంగీతం, వాద్యనైపుణ్యం లేకపోవడాన్ని సిగ్గుపడవలసిన విషయంగా భావించలేదు. అయితే అనతికాలంలోనే అది అభిరుచి విషయంలో కఠిన నియమాలను ఏర్పరచి, వాటిని మీరినవారికి కొత్త సిగ్గును కల్పించింది. ఈ సిగ్గును వెల్లడించే ఒప్పుకోలు మాటల స్వభావాన్ని జాన్ లైడన్, కర్ట్ కొబేన్, లెస్టర్ బ్యాంగ్స్ ఉదాహరణలతో విశ్లేషించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: పంక్, అండర్‌గ్రౌండ్ రాక్, ఒప్పుకోలు, అభిరుచి, ఉపసంస్కృతి, సహృదయత.

1. ప్రవేశిక

ప్రతి అభిమాన సమూహానికీ బయటికి చెప్పుకొనే ఇష్టాలు కొన్ని, దాచుకొనే ఇష్టాలు కొన్ని ఉంటాయి. పంక్, అండర్‌గ్రౌండ్ రాక్ అభిమానుల్లో ఈ రెండింటి మధ్య దూరం ఎక్కువ. ఫలానా ప్రసిద్ధ బృందం ఆల్బమ్‌ను ఎన్నడూ పూర్తిగా వినలేదనీ, వినకుండానే ఆ బృందం పేరున్న టీషర్టు తొడుక్కొన్నామనీ, నలుగురిలో తిట్టిన పాటనే గదిలో తలుపు వేసుకొని విన్నామనీ చెప్పుకోవడం వీరిలో ఒక సంభాషణరీతిగా స్థిరపడింది. నవ్వులాటగా కనిపించే ఈ మాటల వెనుక ఒక గట్టి ప్రశ్న ఉంది. ఎవరి ఆజ్ఞనూ లెక్కచేయనని ప్రకటించుకొన్న సంగీతాన్ని ప్రేమించినవారు తమ ఇష్టాన్ని ఎవరికి భయపడి దాచుకొన్నారు?

2. సిగ్గును తిరస్కరించిన సంగీతం

1973 చివర న్యూయార్క్ బవరీ ప్రాంతంలో ప్రారంభమైన సి.బి.జి.బి. క్లబ్బు, 1974లో ఏర్పడిన రమోన్స్ బృందం, 1975లో లండన్‌లో ఏర్పడిన సెక్స్ పిస్టల్స్ బృందం పంక్ చరిత్రలో తొలి మజిలీలు. అప్పటి ప్రోగ్రెసివ్ రాక్ బృందాలు దీర్ఘమైన రచనలతో, క్లిష్టమైన వాద్యవిన్యాసాలతో శ్రోతను అబ్బురపరచేవి. 1976లో వెలువడిన రమోన్స్ తొలి ఆల్బమ్‌లో 14 పాటలున్నా మొత్తం నిడివి అరగంటకు మించదు. వేదిక ఎక్కడానికి ఏళ్ల తరబడి సాధన అక్కరలేదన్న ధైర్యాన్ని ఈ క్లుప్తత ఎందరో యువకులకు ఇచ్చింది.

నైపుణ్యం అనే కొలమానం తొలగిపోయాక దాని స్థానంలోకి మరొకటి వచ్చింది. అదే ప్రామాణికత. ఎవరు నిజమైనవారు, ఎవరు వేషధారులు అన్న విచారణ మొదలైంది. డిక్ హెబ్డిజ్ 1979లో వెలువరించిన 'సబ్‌కల్చర్: ద మీనింగ్ ఆఫ్ స్టైల్' పంక్ వేషధారణను ఆధిపత్య సంస్కృతికి ఎదురునిలిచే సంకేతవ్యవస్థగా చదివింది. సారా థార్న్‌టన్ 1995లో నృత్య క్లబ్బులను అధ్యయనం చేస్తూ, ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బూర్ద్యూ ఆలోచనలను విస్తరించి, 'ఉపసంస్కృతి మూలధనం' అనే భావనను ప్రతిపాదించింది. డబ్బు వలెనే సరైన అభిరుచి కూడా సమూహంలో హోదాను సంపాదించిపెడుతుందని దీని సారాంశం. పంక్ అభిమాని దాచుకొన్న ఇష్టం ఈ మూలధనానికి నష్టం తెచ్చేది. అందుకే అది రహస్యమైంది.

3. దాచిన ఇష్టం: లైడన్, క్లాష్

సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్ ఆ బృందంలో చేరడానికి పింక్ ఫ్లాయిడ్ టీషర్టు ఒక కారణమైంది. ఆ పేరుపైన తన ద్వేషాన్ని ప్రకటించే మాటను అతడు చేతితో రాసుకొన్నాడు. పాత తరం రాక్ సంగీతంపై యుద్ధప్రకటనగా ఆ టీషర్టు చరిత్రకెక్కింది. కానీ పింక్ ఫ్లాయిడ్ సంగీతంపై తనకు నిజంగా ద్వేషం లేదని లైడన్ తరువాతి కాలంలో అంగీకరించాడు.

అంతకంటే ముఖ్యమైన సందర్భం 1977 జూలైలో వచ్చింది. లండన్ క్యాపిటల్ రేడియోలో టామీ వాన్స్ నిర్వహించిన కార్యక్రమంలో లైడన్ తనకు ఇష్టమైన రికార్డులను వినిపించాడు. వాటిలో జమైకా రెగెతో పాటు నీల్ యంగ్, టిమ్ బక్లీ, జర్మన్ బృందం క్యాన్, చివరికి ప్రోగ్రెసివ్ రాక్ గాయకుడు పీటర్ హామిల్ పాటలు కూడా ఉన్నాయి. ఏమీ తెలియని వీధికుర్రవాడిగా ప్రచారమైన వ్యక్తి లోతైన శ్రోతగా బయటపడ్డాడు. పంక్ విధించిన నిషేధాన్ని పంక్‌కు ముఖచిత్రమైన వ్యక్తే పాటించలేదని దీనివల్ల స్పష్టమవుతుంది.

క్లాష్ బృందం విషయమూ ఇటువంటిదే. 1977లో ఆ బృందం ఎల్విస్ ప్రెస్లీ, బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ శకం ముగిసిందని చాటే పాట పాడింది. 1979 డిసెంబరులో వెలువడిన 'లండన్ కాలింగ్' అట్ట మాత్రం ప్రెస్లీ 1956 నాటి తొలి ఆల్బమ్ అట్టపై ఉన్న గులాబి, ఆకుపచ్చ అక్షరాల అమరికను అనుకరించింది. తిరస్కరించిన వారసత్వాన్ని రెండేళ్లలోనే అట్టమీద అంగీకరించడం ఇది. మాటలతో కాక రూపంతో చేసిన ఒప్పుకోలు.

4. దిద్దిన గతం: కొబేన్

దాచడం ఒక పద్ధతి అయితే, గతాన్ని దిద్దుకోవడం మరొక పద్ధతి. నిర్వాణ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ తాను చూసిన మొదటి కచేరీ హార్డ్‌కోర్ పంక్ బృందం బ్లాక్ ఫ్లాగ్‌దని చెప్పుకొనేవాడు. చార్లెస్ క్రాస్ 2001లో వెలువరించిన జీవితచరిత్ర ప్రకారం, అంతకుముందే 1983లో అతడు సామీ హేగర్ కచేరీకి వెళ్లాడు. పెద్ద స్టేడియాలను నింపే అటువంటి రాక్ సంగీతం అండర్‌గ్రౌండ్ అభిమానుల దృష్టిలో హాస్యాస్పదం.

ఈ చిన్న అబద్ధం తేలికగా తీసివేయదగింది కాదు. అబర్డీన్ వంటి చిన్న ఊరి కుర్రవాడికి అందుబాటులో ఉన్నది రేడియోలో వచ్చే సంగీతమే. సరైన రికార్డుల దుకాణం, సరైన క్లబ్బు, సరైన స్నేహితులు నగరాల్లో ఉండేవారి సొత్తు. కాబట్టి తొలి కచేరీ గురించిన సిగ్గులో పుట్టిన చోటు గురించిన సిగ్గు కూడా కలిసి ఉంది. 2002లో ప్రచురితమైన కొబేన్ డైరీల్లో అతడు రాసుకొన్న ఇష్టమైన ఆల్బమ్‌ల జాబితా ఉంది. అందులో పంక్ బృందాల సరసనే ఏరోస్మిత్, ద న్యాక్ వంటి జనాదరణ పొందిన బృందాలూ ఉన్నాయి. సంభాషణలో దిద్దిన గతం డైరీలో తన సహజరూపంలో నిలిచింది.

5. ఒప్పుకొనే అధికారం ఎవరిది?

లైడన్ ఒప్పుకోలు అతని హోదాను పెంచిందే తప్ప తగ్గించలేదు. పేరున్నవారు చేసే ఒప్పుకోలు నిజాయితీగా, విశాలహృదయంగా గుర్తింపు పొందుతుంది. సామాన్య అభిమాని, ముఖ్యంగా స్త్రీ, అదే మాట అంటే వేషధారి అన్న ముద్ర పడుతుంది. బృందం టీషర్టు వేసుకొన్న అమ్మాయిని మూడు పాటల పేర్లు చెప్పమని నిలదీయడం రాక్ అభిమానుల్లో పరిచితమైన పరీక్ష. అదే టీషర్టు వేసుకొన్న అబ్బాయికి ఆ పరీక్ష అంతగా ఎదురుకాదు.

భారతీయ కావ్యశాస్త్రం చెప్పే సహృదయ భావన ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. అభినవగుప్తుని దృష్టిలో సహృదయుని లక్షణం తన్మయీభవన యోగ్యత, అంటే వర్ణ్యవస్తువుతో మమేకం కాగల శక్తి. కావ్యపరిశీలన ఆ మనోదర్పణాన్ని నిర్మలం చేసే సాధనం. మూడు పాటల పరీక్ష ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. అది శ్రోత ఎంత లీనమయ్యాడని అడగదు, ఎంత పోగుచేశాడని అడుగుతుంది. సాధనమే లక్ష్యంగా మారినచోట రసానుభవం దాచుకోవలసిన వస్తువవుతుంది.

6. రెండు రకాల సిగ్గు: లెస్టర్ బ్యాంగ్స్

అభిరుచిని గురించిన సిగ్గు మొత్తం కృత్రిమమే అయితే, పంక్ అభిమానికి సిగ్గుపడవలసినది ఏదీ లేదా? ఈ ప్రశ్నకు అమెరికన్ విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ 1979లో 'విలేజ్ వాయిస్' పత్రికలో రాసిన 'ద వైట్ నాయిజ్ సుప్రిమసిస్ట్స్' సమాధానమిస్తుంది. న్యూయార్క్ పంక్ వాతావరణంలోని జాత్యహంకారాన్ని ఆ వ్యాసం బయటపెట్టింది. లోకాన్ని ఉలిక్కిపడేలా చేయడమే ధ్యేయమన్న సాకుతో నల్లజాతివారిని కించపరిచే మాటలు తానూ వాడానని బ్యాంగ్స్ అందులో అంగీకరించాడు. లండన్‌లోనూ సూజీ సూ, సిడ్ విషస్ వంటివారు నాజీ స్వస్తిక గుర్తును అలంకారంగా ధరించిన కాలమది. దానికి ఎదురుగా 1976లో మొదలైన 'రాక్ అగైన్‌స్ట్ రేసిజం' ఉద్యమం 1978 ఏప్రిల్‌లో విక్టోరియా పార్కులో నిర్వహించిన సభలో క్లాష్ పాడింది.

నీల్ యంగ్‌ను ప్రేమించానని చెప్పడానికి జంకిన అభిమానులే నాజీ చిహ్నాన్ని చూసి జంకలేదు. సిగ్గు తప్పుచోట నిలిచింది. ఒక సమూహం తన సభ్యులను అభిరుచి విషయంలో నిరంతరం తనిఖీ చేస్తూ, పరులకు కలిగించే హాని విషయంలో ఊరుకోవడం ఇందులోని వైపరీత్యం. బ్యాంగ్స్ ఒప్పుకోలు నవ్వు తెప్పించదు, చెప్పినవాడి హోదాను పెంచదు. దాని విలువ అక్కడే ఉంది.

7. ముగింపు

1. నైపుణ్యలోపాన్ని సిగ్గుగా భావించని పంక్ సంగీతం, అభిరుచిలోపం అనే కొత్త సిగ్గును సృష్టించింది.

2. లైడన్, క్లాష్ ఉదాహరణలను బట్టి, ఈ నిషేధాలు సంగీతకారుల వాస్తవ అభిరుచిని ప్రతిబింబించవని తెలుస్తున్నది.

3. కొబేన్ ఉదాహరణలో అభిరుచి గురించిన సిగ్గు వెనుక స్థలానికి, అవకాశానికి సంబంధించిన అసమానత కనిపిస్తుంది.

4. ఒప్పుకోలు అందరికీ సమానంగా అందే స్వేచ్ఛ కాదు. దాని ఫలితం చెప్పినవారి హోదాపై, లింగంపై ఆధారపడి ఉంటుంది.

5. ఇష్టాన్ని ఒప్పుకోవడం, చేసిన హానిని ఒప్పుకోవడం ఒకటి కావు. మొదటిదానికి సిగ్గు అనవసరం, రెండవదానికి అవసరం. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే పంక్ సంగీతాభిమానం తాను కోరుకొన్న నిజాయితీకి చేరువవుతుంది.