దిద్దేది ఎవరు?

‘దిద్దడం’ అనే మాటను ఒకసారి పట్టి చూడండి. పలక మీద పంతులుగారు రాసిచ్చిన ‘అ’ మీదే పిల్ల బలపంతో మళ్లీ మళ్లీ రాస్తుంది. అది అక్షరాలు దిద్దడం. పదేళ్లు పోయాక అదే పిల్ల రాసిన జవాబులకి ఎవరో ఎర్ర పెన్నుతో టిక్కులూ ఇంటూలూ పెడతారు. అదీ దిద్దడమే, పేపర్లు దిద్దడం. మొదటిది అనుకరణ, రెండోది తీర్పు. రెండింటికీ మనకున్నది ఒకే క్రియ. గురువు గీసిన గీత మీద నడవడం శిష్యుడి పని, గీత తప్పాడేమో చూడటం గురువు పని. మన తరగతి గది మొత్తం ఈ ఒక్క మాటలో ఇమిడిపోతుంది.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి పశ్చిమ ప్రకాశాన్ని మించిన చోటు లేదు. మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్య బేస్తవారిపేట అని ఒక ఊరుంది. బేస్తవారమంటే బృహస్పతి వారం. అంటే ఊరి పేరులోనే దేవతల గురువున్నాడు. ఆ పక్కనే ఉన్న మార్కాపురం పలకల ఊరు. అక్కడి నేలలోంచి తీసిన రాయిని పలచగా చీల్చి, కోసి, నున్నచేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. తరాల తరబడి మన పిల్లలు ‘అ ఆ’లు దిద్దింది ఆ రాళ్ల మీదే.

పలకకి ఒక గుణముంది. దాని మీద తప్పు నిలవదు. తడిగుడ్డతోనో, గడ్డిచేమంతి ఆకుతోనో, ఏదీ లేకపోతే ఉమ్మితోనో తుడిచేస్తే పోతుంది. ముఖ్యంగా, తుడిచే చెయ్యి పిల్లదే. నోటుపుస్తకం అలా కాదు. అందులో తప్పు ఎర్రగా మిగిలిపోతుంది, అమ్మానాన్న చూస్తారు, సంతకం పెడతారు. పలక నుంచి నోటుపుస్తకానికి రావడాన్ని మనం పై తరగతికి వెళ్లడం అనుకుంటాం. తప్పు మీద పిల్లకున్న హక్కు కూడా ఆ రోజే పోతుందని గమనించం.

బోధన పద్ధతుల గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ రెండు జట్లు తయారవుతాయి. ఉపాధ్యాయుడు మధ్యలో ఉండాలని ఒకరు, పిల్లలే మధ్యలో ఉండాలని ఇంకొకరు. నాకైతే ఈ చర్చలో మనవాళ్లందరికంటే ముందున్నది గురజాడ అనిపిస్తుంది. ఆయన బోధనాశాస్త్రం రాయలేదు. రెండు తరగతి గదులు చూపించాడు, అంతే.

మొదటిది కన్యాశుల్కంలో ఉంది. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1909లో పెంచి తిరగరాసిన నాటకం. అందులో గిరీశం గురువు, వెంకటేశం శిష్యుడు. పరీక్ష తప్పిన కుర్రాణ్ణి వెంటబెట్టుకుని గురువుగారు శిష్యుడి ఊరే వచ్చేస్తాడు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మకి ముచ్చట. గురుశిష్యులిద్దరూ చిన్నపిల్లల పాట ముక్కలూ, వాచకం ముక్కలూ ఒకరి మీదికొకరు విసురుకుంటారు. తల్లి పొంగిపోతుంది. మనం నవ్వుతాం. కానీ ఎవర్ని చూసి నవ్వుతున్నాం? అప్పజెప్పడమే చదువనుకునే పద్ధతిలో గురువు పాత్ర, శిష్యుడి పాత్ర, చూసి మురిసే పెద్దల పాత్ర అక్కడ కొలిచినట్టు ఉన్నాయి. ఈ సీను ఇవాళ ప్రైవేటు బడి వార్షికోత్సవంలో వేస్తే ఎవరూ నవ్వరు, ఫోన్లు తీసి వీడియో పట్టుకుంటారు. అలాగని వెంకమ్మని తక్కువ చేయలేం. తనకి దక్కని చదువు బిడ్డకి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఆవిడకి ఇంకో దారేది?

రెండో తరగతి గది 1910 నాటి ‘దిద్దుబాటు’. పేరులోనే మన క్రియ ఉంది, గమనించారా? సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకి ఇల్లంతా ఖాళీగా కనిపిస్తుంది. పుట్టింటికి వెళ్లిపోతున్నానని కమలిని రాసిన ఉత్తరం దొరుకుతుంది. అతను కంగారుపడతాడు, నౌకరు మీద విరుచుకుపడతాడు, చివరికి తన తప్పు తనే నోరువిప్పి చెప్పుకుంటాడు. అప్పుడు మంచం కిందనుంచి నవ్వు, గాజుల చప్పుడు.

ఈ కథని స్త్రీ విద్య కథగా, సంస్కరణ కథగా, తొలి ఆధునిక కథగా బోలెడుసార్లు చదివాం. బోధన కథగా చదివి చూడండి. కమలిని ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక సందర్భం అమర్చింది, ఒక పాఠ్యం చేతికిచ్చింది, తను పక్కకి తప్పుకుంది. దిద్దుకునే పని పూర్తిగా అతనికే వదిలింది. ఇవాళ శిక్షణ తరగతుల్లో ‘ఫెసిలిటేటర్’ అని చెప్పే పాత్ర సరిగ్గా ఇదే. అయితే అసలు కీలకం మంచం కింద ఉంది. ఆమె పక్కకి తప్పుకుందే గానీ వెళ్లిపోలేదు. ప్రతి మాటా వినపడేంత దగ్గర్లోనే ఉంది. ఎప్పుడు బయటికి రావాలో ఆమెకి తెలుసు.

పిల్లలు కేంద్రంగా సాగే పద్ధతుల గురించి మనం మరిచిపోయేది ఈ మంచం కింది సంగతే. 1980లలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. చేసి నేర్చుకోవడం, జట్లుగా పనిచేయడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం లాంటి ఆరు సూత్రాలు ప్రభుత్వ బడుల్లోకి తెచ్చింది. మంచి సూత్రాలే. కానీ ఒక్క టీచరు ఐదు తరగతులు చూసుకునే పల్లె బడిలో ‘జట్టు పని’ అంటే ఏమయ్యే అవకాశముంది? ఒక జట్టుకి పాఠం, మిగతా నాలుగింటికీ కాలక్షేపం. పేరు కృత్యం, జరిగేది గైర్హాజరీ.

మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ వాళ్లు ఈ చిక్కుని వేరేగా పట్టుకున్నారు. చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో ఆ పిల్లకే తెలుస్తుంది. టీచరు పూర్తిగా పక్కన కూర్చోవాల్సిన జట్టు ఒకటి, అప్పుడప్పుడు చూస్తే చాలనేది ఒకటి, తోటిపిల్లల సాయంతో నడిచేది ఒకటి, సొంతంగా నడిచేది ఒకటి. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులు కూడా ఈ దారి పట్టాయి. దీనిలో నాకు నచ్చేది కార్డులు కాదు, కార్డులు ఎవరైనా అచ్చు వేయించగలరు. టీచరు ఎక్కడ ఉండాలో, ఎంతసేపు ఉండాలో ముందే ఆలోచించి పెట్టారు, అదీ విషయం. మంచం కింద చోటు చూసిపెట్టడమన్నమాట.

ఇదంతా పద్ధతుల ముచ్చట మాత్రమే అయితే ఇంత పట్టింపు అక్కర్లేదు. మళ్లీ మార్కాపురం వెళ్దాం. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం, పిల్లలు పనిచేస్తున్న పరిశ్రమలున్న చోట ప్రత్యేక ప్రాజెక్టులు పెట్టాలని కొన్ని ప్రాంతాలు ఎంచింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, వాటితోపాటే మార్కాపురం పలకలు. అంటే దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో ‘అ ఆ’లు దిద్దుకోవడానికి, ఇక్కడి పిల్లలు కొందరు బడి మానేసి పలకలు చేశారు. పలక వాళ్ల చేతికి చేరింది, కానీ సరుకుగా చేరింది.

అలాంటి ఇళ్లలోంచి మొదటిసారి బడికొచ్చిన పిల్లకి ‘నీ అంతట నువ్వే కనుక్కో’ అని చెప్పడం స్వేచ్ఛ అనిపించుకోదు. హైదరాబాద్‌లో ఒక పిల్ల సొంతంగా కనుక్కుంటోందని మురిసేటప్పుడు ఆ ఇంట్లో పుస్తకాలూ, ట్యూషనూ, రాత్రి హోంవర్క్ దగ్గర కూర్చునే అమ్మా కూడా లెక్కలో ఉన్నాయి. అక్కడ బడిలో ఎవరూ దిద్దకపోయినా ఇంట్లో దిద్దుతారు. బేస్తవారిపేట చుట్టుపక్కల వానకీ కూలికీ ముడిపడిన ఇంట్లో ఆ రెండో చెయ్యి ఉండకపోవచ్చు. ఆ పిల్లకి బడే మొదటి చెయ్యి, బడే చివరి చెయ్యి. అలాగని ఎర్ర పెన్నుతో మీద పడితే, తప్పంటే భయపడి ఆ పిల్ల నోరు తెరవడమే మానేస్తుంది.

కాబట్టి ‘గురువు మధ్యలోనా, పిల్ల మధ్యలోనా’ అన్నది నాకు పెద్ద ప్రశ్నగా కనిపించదు. ఏ బడికి వెళ్లినా నేను అడగాలనుకునేవి రెండే. తప్పు రాశాక దాన్ని తనే చూసుకుని తుడుచుకునేంత వ్యవధి పిల్లకి దొరుకుతోందా? అలా చూసుకోలేకపోయినప్పుడు వినపడేంత దూరంలో ఒక మనిషి ఉన్నారా? మొదటిదానికి ‘లేదు’ అంటే అది గిరీశం బడి. రెండోదానికి ‘లేదు’ అంటే, కమలిని నిజంగానే పుట్టింటికి వెళ్లిపోయిన ఇల్లు. అలాంటి ఇంట్లో గోపాలరావుకి మిగిలేది ఒక ఉత్తరం ముక్క. అతనికి కనీసం దాన్ని చదవడం వచ్చు.